చేతికివ్వని కత్తి

ఫిబ్రవరి 11, మంగళవారం

కత్తి వచ్చింది.

పార్శిల్ అతను రేవులోకే తెచ్చిచ్చాడు. "ఏంటి సత్తియ్య గారూ, కొత్త ఫోనా?" అన్నాడు. "కాదండి, మా ఆవిడకి వడ్డాణం" అన్నాను. నవ్వుకుంటూ పోయాడు. నేనేం చెప్పినా నవ్వుతారు. ఇరవై రెండేళ్ళుగా ఈ పంటు మీద మోకు విసురుతూ, బళ్ళు సర్దుతూ, నరసాపురానికీ సఖినేటిపల్లికీ మధ్య గోదావరి దాటుతున్నాను. ఎక్కినవాణ్ణి ఏదో ఒకటి అనకుండా అవతల ఒడ్డున దించింది లేదు.

ముందు కత్తి సంగతి.

మడత కత్తి. మూసి ఉంటే అరచేతికి అటూ ఇటూ కాస్త బయటికొస్తుంది. తెరిస్తే జానెడు దాటిపోతుంది. బరువు ఓ మోస్తరు కొత్తపల్లి కొబ్బరి మామిడికాయంత. అలుగుకి నల్ల రంగు పూశారు. ముందు సగం నున్నటి పదును, పిడి దగ్గర రంపం పళ్ళు. పిడి చివర మేకులాంటిది ఒకటుంది, కారు అద్దాలు పగలగొట్టడానికట. నాకు కారు లేదు. జేబుకి తగిలించుకోవడానికి ఇనప క్లిప్పు ఉంది. అలుగు మీద ఒక చిన్న గుబ్బ. బొటనవేలితో ఆ గుబ్బని తోస్తే టక్ మని తెరుచుకుని బిగుసుకుపోతుంది.

పెట్టె మీద ఇంగ్లీషులో టాక్టికల్ అని ఉంది. రాజమండ్రిలో నర్సింగు చదువుతోంది కదా, మా వినీలకి తెలుస్తుందని ఫోన్ చేసి అడిగాను. "మిలిటరీ వాళ్ళు వాడే లాంటిది నాన్నా. ఎందుకూ?" అంది. "ఏదో లారీ వెనకాల రాసుంది" అన్నాను.

ఈ డైరీ పాస్టరు గారు కొత్త సంవత్సరానికి అందరికీ పంచినది. ప్రతి పేజీ పైనా ఒక వాక్యం అచ్చేశారు. దాని మీద అట్టముక్క పెట్టి రాస్తున్నాను.

ఫిబ్రవరి 12, బుధవారం

నిన్న కత్తి గురించి రాశాను గాని ఎందుకు కొన్నానో రాయలేదు. ఎవరూ చదవని పుస్తకంలో కూడా దాచుకుంటే ఇక రాయడం దేనికి.

బుల్లియ్యా నేనూ ఆరో తరగతి దాకా ఒకే బల్ల. ఒకే ఏడు బడి మానేశాం. వాడు కూలికి వెళ్ళాడు, నేను పడవెక్కాను. బావా అంటే బావా అనుకుంటాం. నిన్న మొన్నటి దాకా వేరేవాళ్ళ చెరువుల మీద మేత జల్లినవాడు, ఈ ఏడు మొదటిసారి అవతల ఒడ్డున అబ్బాయిరాజు గారి చెరువు కౌలుకి తీసుకుని సొంతంగా రొయ్య వేశాడు. రోజూ పొద్దున్న మేత బస్తాలతో పంటు ఎక్కేవాడు. "బావా, నా రొయ్య చిటికెనవేలంతయ్యింది." రెండు వారాలకి "చూపుడువేలంతయ్యింది." "నీ కాలంతయితే చెప్పు, దానికీ టిక్కెట్టు కొడతాను" అనేవాణ్ణి.

జనవరి 29న రెండు రొయ్యలు మందకొడిగా ఉన్నాయని ఊళ్ళో ల్యాబ్‌లో పరీక్షకి ఇచ్చి వస్తూ నాకు చెప్పాడు. ఇక్కడ ల్యాబ్ వాళ్ళు రోగం ఉంటేనే ఫోన్ చేస్తారు, కాగితం మర్నాడు ఇస్తారు. కాగితం కోసం ఎవడూ ఆగడు. వైట్ స్పాట్ వచ్చిందంటే మూడు రోజుల్లో చెరువంతా చచ్చి తేలుతుంది. అందుకని ఆ ఫోన్ మాట మీదే వలలు దించుతారు.

ఆ సంగతి నాకు తెలుసు. తెలుసు కాబట్టే మంచి వేళాకోళం అనిపించింది.

వినీల వాడి పడేసిన సిమ్ ఒకటి నా పాత ఫోన్లో ఉంది. పదకొండింటికి ఇంజను గది వెనక్కి వెళ్ళి ముక్కు పట్టుకుని మాట్లాడాను. "బుల్లియ్య గారా? ల్యాబ్ నుంచండి. వైట్ స్పాట్ పాజిటివ్ అండి." "ఆయ్, థాంక్సండి" అన్నాడు.

నాకు థాంక్స్ చెప్పాడు.

నాలుగింటి పంటుకి వస్తాడు, మొహం చూసి చెప్పేద్దాం, అందరం నవ్వుకుందాం అనుకున్నాను. వాడు రాలేదు. అప్పటికే చెరువు పట్టేశాడు. మధ్యలో నేను రెండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

మర్నాడు ల్యాబ్ కాగితం వచ్చింది. రోగం లేదు, ఏమీ లేదు. ఇంకో నెల పెరగాల్సిన రొయ్య, కొన్నవాడు చెప్పిన ధరకి ఐసు బండెక్కి వెళ్ళిపోయింది.

31న పంటు నడిమధ్యలో నిలబడి, అందరూ వింటుండగా అన్నాడు బుల్లియ్య: "ఆ ఫోన్ చేసినోడు నాకు దొరక్కపోడు. ఆడి పీక కోసి ఈ గోదాట్లోనే వదుల్తాను." నేను వాడి పక్కనే ఉన్నాను. "వదులు బావా, ఆడికి టిక్కెట్టు లేకుండా చూస్తాను" అన్నాను. జనం నవ్వారు. వాడు నవ్వలేదు.

ఆ మధ్యాహ్నమే సిమ్ గోదాట్లో పడేశాను. నాలుగు రోజులాగి కత్తికి ఆర్డరు పెట్టాను. భయపడి కాదు. జాగ్రత్త.

ఫిబ్రవరి 13, గురువారం

తెరవడం ఎంత సులువో మూయడం అంత కష్టం. పిడి లోపల సన్నటి రేకు ఒకటి అలుగుని పట్టి ఉంచుతుంది. దాన్ని పక్కకి నొక్కి, వేలు తప్పించి, అప్పుడు మడవాలి. నేను వేలు తప్పించలేదు.

ఫిబ్రవరి 15, శనివారం

కట్టు చూసి మా ఆవిడ కృపారాణి అడిగింది. మోకు కోసుకుందని చెప్పాను. ఇరవై ఏళ్ళుగా లేసు అల్లుతున్న మనిషి, ఒక్క ముడి తేడా వస్తే చీకట్లో కూడా పట్టేస్తుంది. "మోకు ఒరుసుకుంటే ఇంత నీటుగా తెగుద్దా?" అని కొక్కేనికున్న నా ప్యాంటు తీసి దులిపింది. కత్తి కింద పడింది.

"ఏంటిది?"

"కత్తి."

"అది నాకూ కనబడతంది. దీంతో చేపలు కోస్తావా, మనుషుల్నా?"

"మామిడికాయలు."

"ఫిబ్రవరిలోనా?"

తెరిచి చూపిస్తే సరదా పడుతుందనుకుని టక్ మనిపించాను. రెండడుగులు వెనక్కి వేసింది. "మూసెయ్ అది. ఇంట్లో కత్తిపీట చాలదా?" అంది. మూసి అందించబోతే చెయ్యి వెనక్కి లాక్కుంది. "చేతికివ్వకు. కింద పెట్టు. కత్తి చేతికిస్తే గొడవలైపోతాయి, నీకా మాత్రం తెలీదా?"

ఎందుకు తెలీదు. మా అమ్మ కూడా కత్తి, ఉప్పు, మిరపకాయలు చేతికిచ్చేది కాదు. అరుగు మీద పెట్టేది, మనం తీసుకోవాలి.

కింద పెట్టాను. తను తీసుకోలేదు. నేనే తీసి జేబుకి తగిలించుకున్నాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

గుడిలో పాపాయి మా వరసలోనే కూర్చుంది. బుల్లియ్య భార్య. చెవులకి ఏమీ లేవు, వేపపుల్లలు పెట్టుకుంది. చెరువు వేసేటప్పుడు తీసిచ్చిన దిద్దులు పంట చేతికొచ్చాక విడిపిద్దామనుకున్నారట.

ఆరాధన అయ్యాక కృపారాణితో మాట్లాడుతుంటే వినపడింది. "మా ఆయనకి తొందరెక్కువ వదినా. కాగితం వచ్చేదాకా ఒక్క రాత్రి ఆగలేకపోయాడు. ఎవడో ఫోన్ చేసి నూతిలో దూకమంటే దూకేస్తావా అని అడిగాను. ఆ రోజు నుంచి ఇంట్లో మాటల్లేవు."

నన్ను చూసి, "ఏం అన్నయ్యా, ఇయ్యాల జోకులేం లేవా?" అంది.

బొటనవేలు చూపించి, నోటికి కూడా ఇలాంటి కట్టే కట్టారమ్మా అన్నాను. పాపం, నవ్వింది.

ఫిబ్రవరి 18, మంగళవారం

ఇది రాయకపోతే నిద్ర పట్టదు.

పొద్దున్న తొమ్మిదింటి పంటు. బుల్లియ్య ఎక్కాడు. బస్తాలు లేవు, ఉత్త చేతులు. తిన్నగా నా దగ్గరికొచ్చి రెయిలింగుకి ఆనుకున్నాడు.

"బావా, నీకు అందరి గొంతులూ వచ్చు కదా."

"పాస్టరు గారిది కావాలా, తాసిల్దారు గారిదా?"

"నువ్వు చెయ్యక్కర్లేదు. నేను చేస్తాను, ఎవడిదో చెప్పు."

ముక్కు పట్టుకున్నాడు. "బుల్లియ్య గారా? ల్యాబ్ నుంచండి. వైట్ స్పాట్ పాజిటివ్ అండి."

అచ్చు దించేశాడు. ఎక్కడ ఊపిరి ఆపానో అక్కడ ఆపాడు. ఎవరినైనా నేను అనుకరిస్తే వాళ్ళకి ఎలా ఉంటుందో నలభై ఎనిమిదేళ్ళకి తెలిసింది.

"ఎవడిదంటావ్?"

"జలుబు చేసినోడిలా ఉన్నాడు."

"అంతేనా?"

"ఫోన్లో గొంతు ఎవడు పోల్చగలడు బావా."

"నువ్వు పోల్చగలవు."

అప్పుడు నా చెయ్యి జేబు దగ్గరికి వెళ్ళింది. నేను పంపలేదు, అదే వెళ్ళింది. బుల్లియ్య ఆ చేతిని చూశాడు, క్లిప్పుని చూశాడు.

"ఏంటది?"

"పెన్ను."

"పెన్నుకి అంత క్లిప్పా?"

"పెద్ద సంగతులు రాసే పెన్ను."

ఒడ్డు వచ్చేదాకా నా జేబే చూస్తూ నిలబడ్డాడు. దిగేటప్పుడు వెనక్కి తిరగకుండా, గబగబా, దాదాపు పరుగులాగా వెళ్ళిపోయాడు.

అనుమానం ఉంది వాడికి. అనుమానమే. తెలిసుంటే ఈపాటికి నేను ఇక్కడ కూర్చుని రాస్తూ ఉండను.

ఫిబ్రవరి 19

బుల్లియ్య పంటుకి రాలేదు.

ఫిబ్రవరి 20

రాలేదు. కత్తి క్లిప్పు మేకుల దగ్గర తుప్పు మొదలైంది. ఈ ఉప్పు గాలికి మిలిటరీ అయినా ఒకటే.

ఫిబ్రవరి 21

రాలేదు. చించినాడ వంతెన మీదుగా తిరిగి అవతలికి వెళ్తున్నాడని పంటు నడిపే మా సరంగు విజయ్ పాల్ చెప్పాడు. పది నిమిషాల్లో దాటే గోదావరికి అంత చుట్టు తిరగడం ఎందుకు? ఏం మోసుకెళ్తున్నాడు, నేను చూడకూడనిది?

ఫిబ్రవరి 22, శనివారం

రేవులో టీ కొట్టు రత్నమాణిక్యం గారు గ్లాసు కడుగుతూ, మామూలుగా అన్నారు. "మీ బావ నిన్న వచ్చి అడిగాడయ్యా. సత్తియ్య ఎన్నింటికి దిగుతాడండి, ఏ దారిలో ఇంటికెళ్తాడండి అని. నేరుగా నిన్నే అడగొచ్చు కదా?"

"మీరేం చెప్పారండి?"

"ఉన్నదే చెప్పాను. ఐదింటికి దిగుతాడు, చేపల మార్కెట్టు సందులోంచి వెళ్తాడు అని. ఏంటయ్యా, అలా చెమట్లు పట్టేశాయి, టీలో అల్లం ఎక్కువైందా?"

ఐదింటికి మార్కెట్టు సందులోంచి వెళ్ళలేదు. రైలు స్టేషను వైపు నుంచి తిరిగి వెళ్ళాను. జేబులో చెయ్యి పెట్టుకుని, బొటనవేలు గుబ్బ మీద ఉంచుకుని నడిచాను. ఎదురొచ్చిన ప్రతివాడూ "ఏం సత్తియ్యా" అన్నాడు. ఒక్కడికీ జవాబు చెప్పలేదు.

ఫిబ్రవరి 23, ఆదివారం

గుడికి వెళ్ళలేదు. జ్వరమని చెప్పాను.

తిరిగొచ్చి కృపారాణి అంది: "పాపాయి ఒక మాట అడిగింది. మీ ఆయన కత్తి పట్టుకు తిరుగుతున్నాడట నిజమేనా, ఎక్కడ పెట్టుకుంటాడు, పడుకునేటప్పుడు కూడా ఉంటదా అని. బుల్లియ్య అన్నయ్య అడగమన్నాడంట. దీనికేం చెప్పమంటావ్?"

"నువ్వేం చెప్పావ్?"

"కుడి జేబులో అని చెప్పాను. అబద్ధం ఆడాలని నాకు ముందే చెప్పొద్దా?"

ఎన్నింటికి దిగుతాను, ఏ దారిలో పోతాను, కత్తి ఏ జేబులో. మూడూ తెలుసుకున్నాడు. ఇంకేం తెలుసుకోవాలి వాడు?

కత్తి ఎడమ జేబుకి మార్చాను. ఎడమ చేత్తో తెరవడం సాధన చేశాను. ఆరుసార్లలో నాలుగుసార్లు తెరుచుకుంటోంది. మిగతా రెండుసార్లకి నేను చచ్చినట్టే.

ఫిబ్రవరి 25, మంగళవారం

అక్షరాలు సరిగ్గా రావడం లేదు.

విజయ్ పాల్‌కి నామీద పాత బాకీలు చాలా ఉన్నాయి. క్యారేజీలో ఎండ్రకాయ పెట్టాను, వాళ్ళ మావగారి గొంతుతో ఫోన్ చేసి రాత్రికి పది మందిమి భోజనానికి వస్తున్నామన్నాను. ఇవాళ తీర్చుకుందామనుకున్నాడు. అవతల రేవులో బళ్ళు దింపాక నేను మోకు చుడుతుంటే, వెనకనుంచి వచ్చి నా రెండు కళ్ళూ మూశాడు. "నేనెవరో చెప్పుకో" అన్నాడు. గొంతు మార్చి అన్నాడు.

టక్.

ఎడమ చెయ్యి ఒక్కసారికే తెరిచింది. తిరిగి పొడిచాను. విజయ్ పాల్ నడుం దగ్గర చొక్కా జానెడు చీరుకుపోయింది. దేవుడి దయ, కాస్త లావాటి మనిషి ఊపిరి లోపలికి లాక్కున్నాడు. చర్మం మీద ఎర్రటి గీత. రక్తం రాలేదు.

"ఒరే సత్తియ్యా" అన్నాడు.

"ఊరికే, వేళాకోళానికి" అన్నాను.

పంటు మీద ఇద్దరు ముగ్గురు ఉన్నారు. ఒక్కరూ నవ్వలేదు. ఒకావిడ తన కూతురి చెయ్యి పట్టుకుని దూరంగా జరిగింది. ఇరవై రెండేళ్ళలో నన్ను చూసి ఎవరూ దూరం జరగలేదు.

విజయ్ పాల్ చిరిగిన చొక్కా చేత్తో పట్టుకుని ఇంజను గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఆ తర్వాత దాటిన నాలుగు దాట్లలో నాతో మాట్లాడలేదు, గంట కొట్టడం తప్ప.

ఫిబ్రవరి 27, గురువారం

పైన 12వ తారీకు పేజీలో రెండుసార్లు ఫోన్ చేశాను అని రాశాను. ఒకసారే చేశాను.

ఫిబ్రవరి 28, శుక్రవారం

ఒక్కసారి కూడా చెయ్యలేదు.

చేద్దామని ఫోన్ తీశాను. అప్పుడే నలుగురు కాలేజీ వాళ్ళు ఎక్కి "సత్తియ్య గారూ, ఏదో ఒకటి చెయ్యండి" అన్నారు. లోపల పెట్టేశాను. వాళ్ళకి ఎవరెవరి గొంతులు చేశానో కూడా గుర్తుంది. అందరూ పడీ పడీ నవ్వారు. అప్పుడు టైము ఒంటిగంట. ఒంటిగంటకి చెప్పుంటే వలలు ఇంకా గట్టు మీదే ఉండేవి.

మార్చి 1, శనివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పన్నెండింటికి సఖినేటిపల్లి వైపు నుంచి బుల్లియ్య పంటు ఎక్కాడు. మోపెడ్డు వెనకాల చెరువులో తిప్పే ఫ్యాను మోటారు, నైలాన్ తాడుతో కట్టి ఉంది. చెరువు వదిలేస్తున్నాడు, అద్దెకి తెచ్చింది తిరిగి ఇచ్చెయ్యడానికి. అంత బరువుతో వంతెన చుట్టూ తిరగలేక ఎక్కాడు. నన్ను చూడలేదన్నట్టు అవతలి చివరికి వెళ్ళి, వీపు రెయిలింగుకి ఆనించి నిలబడ్డాడు. కళ్ళు మాత్రం నా ఎడమ జేబు మీదే. ఎడమ జేబని ఎవరు చెప్పారు?

నేను ఇవతలి చివర. మధ్యలో రెండు కార్లు, ఒక గడ్డి ట్రాక్టరు. పది నిమిషాల దాటు. నా జీవితంలో అంత పొడుగు గోదావరి చూడలేదు.

నరసాపురం రేవులో పంటు గట్టుకి గట్టిగా కొట్టుకుంది. విజయ్ పాల్ మనసు కూడా బాగాలేదు కదా. ఆ కుదుపుకి మోపెడ్డు మోటారుతో సహా బుల్లియ్య మీద పడిపోయింది. పిక్క బండి కింద ఇరుక్కుంది. తాడు జారి కాలికి మెలిపడి, మోటారు బరువుకి బిగుసుకుపోయింది. "అమ్మా" అని అరిచాడు.

పరిగెత్తాను. ఏమీ ఆలోచించలేదు. తాడు కనబడింది, కొయ్యాలనుకున్నాను, టక్ మనిపించాను.

బుల్లియ్య నన్ను చూశాడు. పడినచోటే రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"వద్దు బావా. వద్దు. నేనెవరికీ చెప్పలేదు. పాపాయికి కూడా చెప్పలేదు బావా."

ఆగిపోయాను. పంటు ఆగింది, ఇంజను ఆగింది.

చెప్పలేదు అంటే, తెలుసు.

తెలిసినవాడు, పీక కోస్తానన్నవాడు, నన్ను చూసి మొహం దాచుకుంటున్నాడు.

"తాడు కొయ్యడానికి బావా" అన్నాను. నా గొంతు నేనే గుర్తు పట్టేట్టు లేదు. "నీ కాలికి పడింది. తాడు కొయ్యడానికే."

నమ్మలేదు. నమ్మాలంటే కత్తి నా చేతిలో ఉండకూడదు. పిడి వాడివైపు తిప్పి చాపాను.

"చేతికివ్వకు" అన్నాడు. "కింద పెట్టు."

ఆ మాట అలవాటుకొద్దీ అన్నాడో, నా చెయ్యి దగ్గరికి రాకూడదని అన్నాడో తెలీదు. ఇనప నేల మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగాను.

తీసుకున్నాడు. నున్నటి పదునుతో కోస్తే తాడు జారింది. పళ్ళ వైపు పెడితే మూడు లాగుళ్ళకి తెగింది. నైలాన్ తాడుకి ఆ రంపం పళ్ళే పని చేస్తాయి. ఇన్నాళ్ళూ దగ్గర పెట్టుకుని నేను అది కనిపెట్టలేదు.

ట్రాక్టరు డ్రైవరూ విజయ్ పాలూ బండి ఎత్తారు. బుల్లియ్య కుంటుతూ లేచి నిలబడ్డాడు. చేతిలో తెరిచిన కత్తి, కొన నావైపు. అడుగున్నర దూరం. రెండు వారాలుగా నేను మార్కెట్టు సందులో, స్టేషను దారిలో, ఇంటి వాకిట్లో చూస్తూ వచ్చింది ఇదే. పరిగెత్తబుద్ధి కాలేదు. కోస్తే కొయ్యనీ అనిపించింది, కనీసం అయిపోతుంది.

బుల్లియ్య కత్తిని చూశాడు. వెన్ను మీద నొక్కాడు. మడత పడలేదు. ఇంకా గట్టిగా నొక్కాడు.

"ఇదెలా మూస్తారు?" అన్నాడు.

"లోపల రేకుంటది. పక్కకి నొక్కు. వేలు అడ్డం పెట్టకు, నాది తెగింది."

నొక్కాడు. మూసుకుంది. తెచ్చి నా చేతికివ్వలేదు. నేల మీద పెట్టాడు. నేను తీసుకోలేదు. విజయ్ పాల్ వంగి తీసుకుని ఇంజను గదిలోకి పట్టుకెళ్ళిపోయాడు.

తర్వాత రత్నమాణిక్యం గారి బల్ల మీద కూర్చున్నాం, మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి.

"ఎప్పుడు తెలిసింది?" అన్నాను.

"మూడో తారీకున. ఆ నంబరుకి నా ఫోన్లోంచి చేసి చేసి విసుగొచ్చి, పాపాయి ఫోన్లోంచి చేశాను. కొడుతుంటే వినీల అని పేరొచ్చింది. ఆ పిల్ల అలా చెయ్యదు కదా."

"మరి నన్ను అడగలేదేం?"

"నువ్వే చెప్తావని చూశాను బావా. గుళ్ళో చెప్తావని చూశాను. పంటు మీద నీ గొంతు నీకే వినిపిస్తే చెప్తావని చూశాను. అప్పుడు నీ చెయ్యి జేబులోకి పోయింది." టీ చల్లారిపోయినా తాగలేదు. "పీక కోస్తానన్నది నువ్వని తెలీక ముందు. తెలిశాక అనలేదు. నువ్వేమో కత్తి కొన్నావు. నిజం బయటికి రాకుండా నన్ను ఏదో చేసేస్తావని వంతెన చుట్టూ తిరిగాను. నువ్వు ఏ దారిలో పోతావో కనుక్కుని ఇంకో దారిలో పోయాను."

పంట పోగొట్టినవాణ్ణి నేను. నన్ను తప్పించుకోవడానికి పంట పోయినవాడు ఊరు చుట్టూ తిరిగాడు.

"ఫోన్ చేద్దామనుకున్నాను బావా, ఒంటిగంటకి" అన్నాను.

"చేశావా?"

"లేదు."

వంగి పిక్క రుద్దుకున్నాడు.

"నాకేం వద్దు. పాపాయికి నువ్వే చెప్పు. తొందరపడి పంట ముంచానని నన్నంటంది. నేను చెప్తే, తప్పు కప్పుకోడానికి స్నేహితుడి మీద తోసేస్తన్నాననుకుంటది. నువ్వే చెప్పాలి."

మార్చి 2, ఆదివారం

గుడికి పాపాయి రాలేదు. మధ్యాహ్నం ఫోన్ చేశాను, నా నంబరు నుంచే.

"పాపాయీ, నేను సత్తియ్యని. ఆ ల్యాబ్ ఫోన్ చేసింది నేనేనమ్మా."

"ఎవరండీ మీరు?" అంది.

"సత్తియ్యని."

"మా అన్నయ్య గొంతు ఎవరైనా చెయ్యొచ్చండి. నంబర్లు కూడా మార్చేస్తన్నారట. ఒకసారి ఫోన్ మాట నమ్మి మునిగిపోయాం. ఇంక ఫోన్లో ఎవరేం చెప్పినా నమ్మం. పెట్టెయ్యండి."

పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. ఈసారి నిజంగా రెండుసార్లు చేశాను.

మార్చి 3, సోమవారం

వెళ్ళలేదు. డ్యూటీ ఉందని చెప్పుకున్నాను. కృపారాణికి మొత్తం చెప్పాను. లేసు సూది ఆపి విని, మళ్ళీ అల్లడం మొదలుపెట్టింది. ఒక వరస అల్లాక, "రేపు వెళ్తావా, నన్ను లాక్కెళ్ళమంటావా?" అంది.

మార్చి 4, మంగళవారం

రేపటినుంచి శ్రమదినాలు, ఈస్టరు దాకా ఉపవాసాలు. వెళ్ళాను.

పొద్దున్న పదింటికి వాళ్ళ పేటకి నడిచి వెళ్ళాను. జేబు తేలిగ్గా ఉంది. నడుస్తుంటే చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. పాపాయి వాకిట్లో బియ్యం చెరుగుతోంది. బుల్లియ్య గుమ్మంలో కాలికి కట్టుతో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు, రమ్మనలేదు.

"రా అన్నయ్యా" అంది పాపాయి. "ఎండనపడి వచ్చావు, మంచినీళ్ళు తెస్తానుండు." గ్లాసుతో వచ్చింది.

"ఆ ల్యాబ్ ఫోన్ చేసింది నేను పాపాయీ."

నవ్వింది. నేను వస్తే ఎప్పుడూ నవ్వినట్టే. "నిన్న కాక మొన్న ఎవడో నీ గొంతుతో ఇదే చెప్పాడన్నయ్యా. నీకెలా తెలిసింది?"

"అది కూడా నేనే."

ఇంకా నవ్వుతూనే ఉంది, తర్వాత వచ్చే మాట కోసం చూస్తూ. నా మాటల్లో తర్వాత ఎప్పుడూ ఇంకో మాట ఉంటుంది, అక్కడ అందరూ నవ్వుతారు. ఆ మాట కోసం చూస్తోంది.

ముక్కు పట్టుకోలేదు. నా గొంతుతోనే చెప్పాను. ఎన్నింటికి చేశానో, ఏ సిమ్‌తో చేశానో, వాడు నాకు థాంక్స్ చెప్పడం, ఒంటిగంటకి ఫోన్ తీసి మళ్ళీ లోపల పెట్టెయ్యడం. "నీ మొగుడు తొందరపడలేదమ్మా. ఎవరైనా అదే చేస్తారు. అది తెలిసే నేను చేశాను."

నవ్వు ఒక్కసారి పోలేదు. పెదాల దగ్గర ముందు పోయింది, కళ్ళలో కాస్త ఆలస్యంగా. గుమ్మంలో ఉన్న బుల్లియ్య వైపు చూసింది. వాడు తల దించుకున్నాడు. అలా చాలాసేపు వాణ్ణే చూసింది, నన్ను కాదు.

తర్వాత నావైపు తిరిగింది. నేను చెయ్యి చాపి ఉన్నాను, అలవాటుగా, గ్లాసు కోసం.

నా చేతికివ్వలేదు. వంగి, గ్లాసు అరుగు మీద పెట్టి, వెనక్కి జరిగింది.